ముల్తాన్‌లో మిగిలిన గొంతు

9 ఏప్రిల్ 2025, బుధవారం

ఇది రాజేశ్వరి కొనుక్కున్న 2024 డైరీ. ఒక్క పేజీ కూడా రాయలేదు. బీరువా కింద దొరికింది. అన్నీ తీసేసినప్పుడు ఇదెలా మిగిలిందో తెలియదు. వారాలు కలవడం లేదు, కొట్టేసి దిద్దుకుంటున్నాను.

ఎదుటి కల్లంలో మిరపకాయలు పోశారు. వీధంతా దగ్గు. ఈ ఏడు ధర లేదని ఎవరి మొహంలోనూ కళ లేదు.

రెండు ఇడ్లీలు తిన్నాను. నిద్ర బాగానే పట్టింది.

11 ఏప్రిల్, శుక్రవారం

ఇవాళ్టికి తొమ్మిది నెలలు.

14 ఏప్రిల్, సోమవారం

పొద్దున పదింటికి ఫోన్లో మెసేజ్. పాకిస్తాన్ నంబరు, ప్లస్ తొంభై రెండుతో మొదలైంది. ఆ అంకెలు చూసి ఆరేళ్ళయింది. మళ్ళీ ఏ లోడు గొడవో అనుకున్నాను ఒక్క క్షణం. రిటైరయ్యానన్న సంగతి తర్వాత గుర్తొచ్చింది.

ముల్తాన్ నుంచి సఫియా, రాజేశ్వరి స్నేహితురాలు. మున్వర్ సాహెబ్ భార్య. ఆయన పోయి నాలుగేళ్ళు.

ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ రాసింది. "భాయీసాబ్, రాజీ నంబరుకు ఏదీ వెళ్ళడం లేదు. ఆపరేషన్ అని చెప్పింది. ఆ తర్వాత కబురు లేదు. మా వారి పాత పుస్తకంలో మీ నంబరు దొరికింది. ఎలా ఉంది నా రాజీ?"

"జులై పదకొండున పోయింది" అని రాశాను. ఇంకేమైనా రాయాలేమోనని చాలాసేపు చూశాను. తోచలేదు.

మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. ఏడ్చానని రాసింది. చివర ఇలా: "రాజీ పంపిన వాయిస్ మెసేజ్‌లు నా దగ్గర ఉన్నాయి. నలభై ఒకటి. మీకు కావాలా?"

తర్వాత చెబుతానన్నాను.

15 ఏప్రిల్, మంగళవారం

గొంతు గుర్తుంది. అడగాల్సిన పని లేదు.

17 ఏప్రిల్, గురువారం

కొండమ్మ అంట్లు తోముతుంటే అడిగాను. "అమ్మగారి ఫోను మీ అమ్మాయి దగ్గరుంది కదా. అందులో పాతవి ఏమైనా ఉన్నాయేమో చూడమని చెబుతావా?"

"ఏం పాతవి సారూ? గుంటూరు తీసుకెళ్ళి మీరే గదా అన్నీ తుడిపించి ఇచ్చింది. కొత్త ఫోనులాగుందని మా పిల్ల మురిసిపోయింది."

"ఊరికే అడిగాను."

"అప్పుడే అన్నా నేను, అంత తొందరేంటి సారూ, పెద్దకర్మైనా కానీయండి అని. ఇన్నారా?"

విన్నాను. కానీ నా పని అలాంటిది. ముప్పై ఎనిమిదేళ్ళు పత్తి సెలక్టరుగా చేశాను. ఉత్తరం వైపు కిటికీ, నీలం కాగితం, దాని మీద గుప్పెడు దూది. రెండు బొటనవేళ్ళ మధ్య లాగి, పోగులు సర్ది, పొడవు చెప్పాలి. నాకు పని నేర్పిన చెంచురామయ్యగారు మొదటి రోజే ఒక మాట చెప్పారు. "సరుకు ముట్టిందని పార్టీ ఉత్తరం రాసిన రోజున ఆ శాంపిల్ గదిలో ఉండకూడదోయ్. అది కళ్ళముందుంటే రేపటి పత్తిని దాంతో పోల్చి చూస్తావు." ఏ సాయంత్రమూ పాత శాంపిల్ ఉంచలేదు నేను.

రాజేశ్వరి చీరలు చీరాలలో మా చెల్లెలు సామ్రాజ్యానికి పంపాను. కళ్ళజోడు కంటి ఆసుపత్రి వాళ్ళకు ఇచ్చాను. పుస్తకాలు ఆమె స్కూలుకు. ఫోను కొండమ్మ కూతురికి. అంతా పదిహేను రోజుల్లో అయిపోయింది. అందరూ గట్టి మనిషి అన్నారు.

18 ఏప్రిల్, శుక్రవారం

మా అమ్మాయి దీప్తి పెళ్ళి సీడీ వేసి చూశాను. రాజేశ్వరి పదకొండు చోట్ల కనిపించింది. నాలుగు చోట్ల మాట్లాడుతోంది. నోరు కదులుతోంది. మీద అంతా సన్నాయి.

19 ఏప్రిల్, శనివారం

వంటింట్లోంచి నన్ను భోజనానికి పిలిచేది కదా. ఆ పిలుపు గుర్తు తెచ్చుకుందామని కూర్చున్నాను. వచ్చింది. సంతోషపడ్డాను. కాసేపటికి తెలిసింది, అది దీప్తి గొంతు. రోజూ ఫోన్లో "తిన్నావా నాన్నా" అని అడుగుతుంది కదా, అదే.

20 ఏప్రిల్, ఆదివారం

సఫియావాళ్ళు ఇక్కడికి వచ్చింది 2006 డిసెంబరులో. మున్వర్ సాహెబ్‌కు ముల్తాన్‌లో జిన్నింగ్ మిల్లు. మన బన్నీ రకం పత్తి లోడు తన కళ్ళతో చూసి కొంటానన్నాడు. వీసాలో గుంటూరు పేరు రాయించుకుని, భార్యతో సహా దిగాడు. ఆ దేశం వాళ్ళు వస్తే పోలీసు ఆఫీసులో హాజరు వేయించుకోవాలి. ఆయన హిందీ అక్కడి గుమాస్తాకు అర్థం కాలేదు, గుమాస్తా హిందీ ఈ భూమ్మీద ఎవరికీ అర్థం కాదు. రాజేశ్వరి హైస్కూల్లో హిందీ పండిట్ కాబట్టి సెలవు పెట్టి వచ్చింది.

ఆమెది పరీక్షల హిందీ. "కృపయా ఆసన్ గ్రహణ్ కీజియే" అంది వాళ్ళతో. సఫియా నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. బయటికొచ్చాక మొగుడితో, "ఈవిడ కూర్చోమంటోందా, వార్తలు చదువుతోందా?" అందట. ఆ మాట తర్వాత రాజేశ్వరికే చెప్పింది. ఇద్దరూ మా వరండాలో నవ్వి నవ్వి గోడకు ఆనుకున్నారు.

మేము పత్తి చూసి వచ్చేసరికి వంటింట్లో గోంగూర రుబ్బుతున్నారు ఇద్దరూ. సఫియా ముక్కు ఎర్రగా ఉంది, కళ్ళలో నీళ్ళు. "ముల్తాన్‌లో మిరపకాయ తింటాం బెహన్‌జీ, మీరు మిరపకాయతో బతుకుతున్నారు" అంది.

లోడు పాసయింది. 29 మిల్లీమీటర్ల పొడవు, ఒక్క పోగు తేడా లేదు. అలాంటి పత్తి మళ్ళీ చూడలేదు. లేక ఆ రోజు అలా కనిపించిందో.

21 ఏప్రిల్, సోమవారం

దీప్తి మే రెండో వారంలో వస్తుంది. అప్పుడు తెప్పించి ఇద్దరం కలిసి విందాం. అదే మంచిది. ఈలోపు నేను ఒక్కణ్ణే వినడం న్యాయం కాదు.

సఫియాకు రాశాను, వచ్చే నెల చెబుతానని. "మీ ఇష్టం భాయీసాబ్, మీరు అడగ్గానే పంపుతాను" అంది.

22 ఏప్రిల్, మంగళవారం

సాయంత్రం టీవీ. కాశ్మీరులో టూరిస్టులను కాల్చేశారు. పేరు అడిగి మరీ.

24 ఏప్రిల్, గురువారం

సరిహద్దు మూశారు. వీసాలు రద్దు. వాళ్ళు అటునుంచి వ్యాపారం బంద్ అన్నారు. ఉన్న వ్యాపారం ఏముంది, 2019లోనే పోయింది. మా చివరి లోడు ఆ ఏడు జనవరిలో వెళ్ళింది.

దీప్తి ఫోన్ చేసింది. "తిన్నావా నాన్నా?" తిన్నానన్నాను. అల్లుడు అశోక్ ఇంటికి రావడం లేదట, ఆఫీసులోనే ఉంటున్నాడట.

27 ఏప్రిల్, ఆదివారం

అశోక్ వచ్చాడు. గుంటూరులో స్నేహితుడి గృహప్రవేశం, ఇటు తిరిగి వెళ్తున్నానన్నాడు. నిజానికి ఇటు రావడానికే గృహప్రవేశానికి వచ్చాడని నా అనుమానం. గడపలోనే చెప్పులు విడుస్తూ గోడ మీద రాజేశ్వరి ఫోటో వైపు చూశాడు. మంచివాడు. హైదరాబాదులో కేంద్ర ప్రభుత్వ లేబొరేటరీలో ఇంజనీరు. ఏం చేస్తాడో చెప్పడు, నేను అడగను. రాజేశ్వరి ఒకసారి అడిగింది. "బాంబులేనా బాబూ?" "మరమేకులు అత్తయ్యా" అన్నాడు. "ఎంతెంత మరమేకులు?" అని ఆవిడ వదల్లేదు.

మజ్జిగ తాగి గ్లాసు కింద పెట్టాడు.

"మామయ్యా, ఒకటి అడుగుతా. ఏమీ అనుకోవద్దు."

"అడుగు."

"అత్తయ్యగారికి అటువైపు ఫ్రెండ్ ఉండేది కదా. ఆవిడ మీతో ఏమైనా మాట్లాడుతోందా?"

"లేదు."

ఎందుకు అలా అన్నానో తెలియదు. నోట్లోంచి వచ్చేసింది.

"మా అందరి దగ్గరా మళ్ళీ డిక్లరేషన్ తీసుకుంటున్నారు. భార్య తరఫువాళ్ళకైనా సరే, అక్కడ ఎవరితోనైనా పరిచయం ఉందా అని. రేపు సంతకం పెట్టాలి. వచ్చే నెల నా ప్రమోషన్ బోర్డు. అందుకని కాదు, ఊరికే, తప్పు రాయకూడదని."

"లేదని రాసెయ్."

"నిజంగా లేదు కదా మామయ్యా?"

"చెప్పాను కదా."

తల ఊపాడు. వెళ్ళేటప్పుడు నా ఫోను బల్ల మీద బోర్లా ఉంది. దాని వైపు చూడకుండా వెళ్ళాడు. అది నాకు బాగా కనిపించింది.

28 ఏప్రిల్, సోమవారం

ఇవాళ సంతకం పెట్టి ఉంటాడు.

29 ఏప్రిల్, మంగళవారం

1998 మే నెల గుర్తొచ్చింది. ముందు మనం పేల్చాం, పదిహేను రోజులకు వాళ్ళు పేల్చారు. ఆ ఎండల్లో ఊళ్ళో స్వీట్లు పంచారు. దీప్తికి ఎనిమిదేళ్ళు. "అమ్మా, ఆ బాంబు వేస్తే మన మిల్లులో పత్తి అంటుకుంటుందా?" అంది. "పత్తికి బాంబెందుకే, మీ నాన్న మిల్లులో ఎవడో బీడీ కాలిస్తే చాలు" అంది రాజేశ్వరి. దీప్తి నిద్రపోయాక మాత్రం వరండాలో చాలాసేపు ఒక్కతే కూర్చుంది.

2007 డిసెంబరు ఆఖర్లో అక్కడ ఎన్నికల సభలో పెద్ద నాయకురాలిని చంపేశారు. కరాచీ తగలబడుతోందని టీవీలో చూపించారు. రాజేశ్వరి స్కూలుకు వెళ్ళకుండా ఫోను పట్టుకు కూర్చుంది. లైను కలవదు. నాకు రేవులో ఉన్న లోడు బెంగ. "మీకు బేళ్ళే కనిపిస్తాయి" అంది. నాలుగో రోజు సఫియా దొరికింది. ఇద్దరూ అరగంట మాట్లాడుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. ఏం మాట్లాడుకున్నారో విననే లేదు.

అక్కడ ఏ ప్రభుత్వం పడినా, ఎవరు జైలుకెళ్ళినా, ఊళ్ళో కాల్పులైనా ఇలాగే. 2023 మేలో అల్లర్లప్పుడు అక్కడ ఇంటర్నెట్ ఆపేశారు. వాయిస్ మెసేజ్‌లు వెళ్ళక, ఈవిడ వంటింట్లో ఫోను చేత్తో పట్టుకుని "ఇంకా ఒక్క టిక్కే" అనుకుంటూ తిరిగింది. మూడు రోజులు కూరల్లో ఉప్పు లేదు.

ఆ మెసేజ్‌లన్నీ నా ముందే చేసింది. పేపరు చదువుతూ ఉండేవాణ్ణి.

1 మే, గురువారం

సఫియా మెసేజ్: "భాయీసాబ్, మా అబ్బాయి ప్రభుత్వ కాలేజీలో పని చేస్తాడు. ఇండియా నంబర్లు, మెసేజ్‌లు ఏవీ ఫోన్లో ఉండకూడదంటున్నాడు. ఇక్కడ రోజులు బాగాలేవు, నిన్న మాట్లాడినవాడు ఇవాళ కనిపించడు. నాలుగైదు రోజులు ఆపమన్నాను. మీరు అడిగితే పంపేసి తుడిచేస్తాను. వద్దంటే ఊరికే తుడిచేస్తాను. ఏదో ఒకటి చెప్పండి."

అక్కడా అదే. పిల్లల ఉద్యోగాలు.

నేను అడగకపోతే ఇక ఆ గొంతు ఎక్కడా ఉండదు.

2 మే, శుక్రవారం

జాన్ బాషా స్కూటరు మీద బంగినపల్లి మామిడిపళ్ళు తెచ్చాడు. పాతికేళ్ళు నా పక్క బల్ల మీద పత్తి చూసినవాడు.

"ఏరా, ఆ గడ్డం ఏంది? సాయిబుని నేనా నువ్వా?"

"బద్ధకం."

"బద్ధకమా, ఏషమా? మీ పక్కింటి సరోజనమ్మ కొడుకు అడుగుతున్నాడు, సారుకి ఒంట్లో బాలేదా అని. రేప్పొద్దున గీయించు."

వాడికి చెప్పాను. మొత్తం చెప్పాను, అశోక్‌తో అబద్ధమాడిన సంగతితో సహా. మామిడిపండు కోస్తూ విన్నాడు.

"తెప్పించుకో. ఏముంటయ్‌రా దాంట్లో? పచ్చడి కొలతలు, మోకాళ్ళ నొప్పులు. ఈ దేశం రహస్యాలు మా రాజేశ్వరమ్మకి ఎక్కడియ్యి?"

"అశోక్ సంతకం పెట్టేశాడు."

"మరి ఫోన్ చేసి నిజం చెప్పు. అల్లుడేమన్నా ఉరేస్తాడా?"

"ఇప్పుడెలా చెప్పను?" అన్నాను. తర్వాత ఒక మాట అన్నాను. "నీ ఫోనుకు తెప్పిద్దామా? అందులో వింటాను."

వాడు కత్తి కింద పెట్టాడు. చేతులు తుడుచుకున్నాడు.

"ఒరేయ్ వేణూ. ఆ నంబరు నీ ఫోన్లో ఉంటే, ఎందుకుంది అని అడుగుతారు. నా ఫోన్లో ఉంటే అడగరు."

కోసిన ముక్కలు నా వైపు జరిపాడు. తర్వాత వాడే, "తిను, పండు ఎండిపోతోంది" అన్నాడు.

ఆ మాట నేను అనకుండా ఉండాల్సింది.

3 మే, శనివారం

ఉత్తరాలు, పార్సిళ్ళు కూడా బంద్. ఓడలు బంద్.

4 మే, ఆదివారం

అశోక్‌కు ఫోన్ చేద్దామని నంబరు దాకా వెళ్ళాను. ఆదివారం కదా, నిద్రపోతూ ఉంటాడు. వద్దులే అనుకున్నాను. సాయంత్రం మళ్ళీ అనుకున్నాను. అప్పుడు టీ టైము.

5 మే, సోమవారం

సఫియాకు రాశాను. "పంపవద్దు. తుడిచేయండి. మీ అబ్బాయి చెప్పింది సరైనది. మీరు క్షేమంగా ఉండాలి."

పంపాక స్నానం చేసి, గడ్డం గీసుకుని, హోటలుకు వెళ్ళి పెసరట్టు తిన్నాను. తేలిగ్గా ఉంది. దీప్తి సంసారం కంటే ఏదీ ఎక్కువ కాదు. గొంతు నాకు గుర్తుంది.

6 మే, మంగళవారం

గుర్తు లేదు.

7 మే, బుధవారం

పొద్దున పాలవాడు చెప్పాడు. "మనోళ్ళు ఏసేశారు సార్!" టీవీ పెట్టాను. తెల్లారకముందే దాడి జరిగిందట. మ్యాపులో ఎర్రచుక్కలు. బహావల్‌పూర్. అక్కడికి ముల్తాన్ వంద కిలోమీటర్లుంటుంది. మున్వర్ సాహెబ్ అక్కడినుంచి కూడా పత్తి కొనేవాడు.

విశాఖపట్నంలో సైరన్లు మోగించి ప్రాక్టీసు చేయించారు. బల్లల కింద దూరిన పిల్లలు నవ్వుతున్నారు.

ఊళ్ళో టపాకాయలు కాల్చారు. తప్పు పట్టలేను, చచ్చిపోయినవాళ్ళ పెళ్ళాల మొహాలు నేనూ చూశాను టీవీలో. కానీ నేను చూసేది ఆ చుక్కకూ ముల్తాన్‌కూ మధ్య దూరం. ఈ మాట ఎవరితోనూ అనలేను. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

8 మే, గురువారం

లాహోరులో డ్రోన్లు. జమ్మూలో చీకటి. అశోక్ ఫోన్ ఎత్తడం లేదని దీప్తి ఏడ్చింది. ఊరుకోబెట్టాను. రాజేశ్వరి అయితే ఏం చెప్పేదో అదే చెప్పడానికి ప్రయత్నించాను. రాలేదు.

9 మే, శుక్రవారం

అణుబాంబుల గురించి టీవీలో ఒకతను క్రికెట్ స్కోరు చెప్పినట్టు చెబుతున్నాడు. వాళ్ళ దగ్గర ఇన్ని, మన దగ్గర ఇన్ని. కట్టేశాను.

సఫియాకు "ఎలా ఉన్నారు" అని టైపు చేశాను. పంపలేదు.

10 మే, శనివారం

సాయంత్రం ఆపేశారన్నారు. ఇద్దరూ ఒప్పుకున్నారట. రాజేశ్వరి ఉంటే పాయసం చేసేది, ఎందుకో చెప్పకుండా.

11 మే, ఆదివారం

సఫియా మెసేజ్. ఉన్నదున్నట్టు తెలుగులో రాసుకుంటున్నాను, ఎందుకంటే చదివాక తుడిచేయమంది, తుడిచేశాను.

"భాయీసాబ్, క్షేమం. కిటికీలకు దుప్పట్లు కట్టుకుని ఉన్నాం ఇన్ని రోజులూ. మీరు చెప్పినట్టే మంగళవారం అన్నీ తుడిచేశాను. మా అబ్బాయి పక్కనే నిలబడ్డాడు. ముందు ఒకసారి అన్నీ విన్నాను, వాడు కూడా విన్నాడు. వాడికి గోంగూర దగ్గర నవ్వొచ్చింది. చివరిది ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం పంపింది. అందులో మీ మాట ఉంది. మీరు అడిగితే ఎలాగూ వింటారని ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే పాపం. రాజీ ఇలా అంది: 'నాకేమైనా అయితే మా ఆయన నా వస్తువులన్నీ పదిహేను రోజుల్లో ఇంట్లోంచి పంపేస్తారు. ఆయన పద్ధతి అది, ప్రేమ లేక కాదు. తర్వాత వెతుక్కుంటారు. నా మాటలు నీ దగ్గరుంచు సఫియా. ఆయన అడిగితే ఇవ్వు. అడిగేదాకా ఇవ్వకు. ఆ మనిషికి ఒక్కసారైనా అడగడం రావాలి.' నేను ఆవిడ చెప్పినట్టే చేశాను. తప్పు చేశానేమో తెలియదు. ఈ నంబరు కూడా తీసేస్తున్నాం. ఖుదా హాఫిజ్."

12 మే, సోమవారం

ఏమీ లేదు.

14 మే, బుధవారం

మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులు. గుంటూరు రోడ్డు మీద లారీలు లేవు.

18 మే, ఆదివారం

దీప్తి రావడం కుదరలేదు. ఫోన్ చేసింది. తిన్నావా అంది. తినలేదన్నాను. ఎప్పుడూ అలా అనను కదా, గాభరా పడింది. అప్పుడు చెప్పేశాను. అన్నీ.

అంతా వింది. తర్వాత, "ఎన్ని?" అంది.

"నలభై ఒకటి."

"నన్ను ఎందుకు అడగలేదు నాన్నా?"

"మీ గురించే అమ్మా. అశోక్ ఉద్యోగం..."

"అశోక్‌ని అడిగావా? నన్ను అడిగావా? అది మా అమ్మ గొంతు. నీ ఒక్కడి సొంతమా? చీరలప్పుడూ అంతే. పెద్దకర్మకి వచ్చి బీరువా తెరిస్తే నాఫ్తలిన్ ఉండలు తప్ప ఏమీ లేవు. ఒక్క చీర, నాన్నా. ఒక్కటి ఉంచమని చెప్పే టైమిచ్చావా నాకు? లోడు వెళ్ళిపోయింది, శాంపిల్ పారెయ్. అంతేనా? అమ్మేమన్నా పత్తా?"

"దీప్తీ..."

"అమ్మ కూడా అదే చెప్పిందిగా ఆవిడతో. అడగడం రావాలని. అమ్మ నీకోసం పాకిస్తాన్‌లో దాచింది నాన్నా. నువ్వు అక్కడికి కూడా కబురుపెట్టి పారేయించావు."

పెట్టేసింది.

19 మే, సోమవారం

దీప్తి ఫోన్ చేయలేదు.

20 మే, మంగళవారం

దీప్తి ఫోన్ చేయలేదు. టీవీలో గూఢచారులని ఎవరెవరినో పట్టుకున్నారు. ఫోన్లో మాట్లాడారట. నేను చేసింది మంచిదే అయింది అనుకోవడానికి ప్రయత్నించాను.

23 మే, శుక్రవారం

చేయలేదు.

1 జూన్, ఆదివారం

అశోక్ చేశాడు.

"మామయ్యా, దీప్తి చెప్పింది."

"తప్పు చేశాను. అబద్ధం చెప్పి నీచేత తప్పు రాయించాను."

"ఉందని చెప్తే ఉందని రాసేవాణ్ణి. దానికి ఒక కాలమ్ ఉంది."

"రాస్తే ఏమయ్యేది?"

ఆలోచించాడు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఓదార్చే మనిషి కాదు.

"నాకూ తెలీదు. ప్రమోషన్ ఆగేదేమో. ఆగకపోనూ వచ్చు. బోర్డు ఎలాగూ వాయిదా పడింది. రేపు మళ్ళీ రాసిస్తున్నా, మా అత్తగారికి ఫలానా పరిచయం, మా మామగారికి నాలుగైదు మెసేజ్‌లు వచ్చాయని. మిమ్మల్ని పిలిచి అడగొచ్చు."

"ఏమడిగినా చెబుతాను."

"తెలుసు." అన్నాడు. "మామయ్యా, నాకూ వినాలనుండేది. ఆ మరమేకుల జోకుకు అత్తయ్యకి నేనింకా జవాబు బాకీ."

"దీప్తి ఎలా ఉంది?"

"మీరే అడగండి."

ఫోన్ పెట్టాక అరగంట కూర్చున్నాను. తర్వాత దీప్తికి చేశాను. పెళ్ళయ్యాక ఈ పన్నెండేళ్ళలో నేనుగా ఎన్నిసార్లు చేశాను? రాజేశ్వరి చేసి నాకు ఇచ్చేది.

ఎత్తింది.

"నువ్వొకసారి రావాలి" అన్నాను. "నాకు గుర్తు రావడం లేదు. నీకు గుర్తుందేమో. వస్తావా?"

"చూస్తా" అంది.

15 జూన్, ఆదివారం

దీప్తి నిన్న మధ్యాహ్నం దిగింది. బస్టాండుకు వెళ్ళాను. సంచీ నా చేతికి ఇవ్వలేదు. ఇంటిదాకా వానల గురించి మాట్లాడుకున్నాం. పత్తి గింజలు పెట్టడం మొదలైంది, నల్లరేగడి ఆరనీయకుండా పెడుతున్నారు.

రాత్రి ముభావంగానే తిని పడుకుంది.

ఇవాళ తనే వంటింట్లోకి వెళ్ళింది. కొండమ్మను ఇంటికి పంపేసింది. నేను వరండాలో కుర్చీలో కూర్చున్నాను, పేపరు పట్టుకుని. గోంగూర వాసన. తాలింపు అయ్యాక తలుపు దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏది గుర్తు రావడం లేదు నీకు?"

"భోజనానికి పిలిచేది కదా. అది."

"అదే కదా నాకు బాగా గుర్తున్నది. రోజుకు రెండుసార్లు. మొదటి పిలుపుకి నువ్వెప్పుడు లేచావు గనక?" అని లోపలికి వెళ్ళింది. అక్కడినుంచి, "ఏవండీ, వడ్డించేశా, రండి" అంది.

"అంత మర్యాద ఉండదు."

మళ్ళీ అంది.

"అది మీ అమ్మమ్మ. అరుపు."

లోపల నవ్వింది. నెల రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు. మూడోసారి అంది.

"'రండి' దగ్గర ఆగకు. 'ఏవండీ' దగ్గరే సగం విసుగు వచ్చేసి ఉంటుంది. 'రండి' మింగేస్తుంది."

"అబ్బో. ఇన్ని తెలుసా నీకు? గుర్తు లేదన్నావుగా."

"నువ్వు తప్పుగా అంటే తెలుస్తోంది."

నాలుగోసారి దగ్గరికొచ్చింది. పొడవు కుదిరింది, బరువు కుదరలేదు. చెప్పబోయి ఊరుకున్నాను. లోపల గిన్నెల చప్పుడు. మళ్ళీ పిలుస్తుందేమోనని చూసి, పిలవకపోయేసరికి పేపర్లో పడ్డాను. పత్తి మద్దతు ధర పెంచారట, అది చదువుతున్నాను.

"ఏవండీ! వడ్డించేశా రండి..."

"ఆఁ, వస్తున్నా" అన్నాను. పేపరు మడిచి, కుర్చీలోంచి లేచాను కూడా.